నాన్నగారి పుస్తకాలకు గోడ గూట్లో అరలు: ఏ చెక్క వేయించాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నగారు 1994లో కట్టించిన ఇల్లు. హాల్లో టీవీ ఉన్న గోడకు అటూ ఇటూ నేల నుంచి రెండు గూళ్లు వదిలారు. ఒక్కోటి 46 అంగుళాల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 14 అంగుళాల లోతు. ఇన్నాళ్లూ వాటిలో ఇనుప ర్యాకులు పెట్టుకున్నాం. నాన్నగారు పోయాక ఆయన పుస్తకాలు మూడు వందల పైచిలుకు, అమ్మ ఇత్తడి సామాను వాటిలో పద్ధతిగా సర్దుకోవాలని ఉంది. కార్పెంటరు ఎండీఎఫ్ వేద్దాం, పెయింటు కొడితే అద్దంలా ఉంటుందంటున్నాడు. మా మామగారు కడప బండలు దించమంటున్నారు, నూరేళ్లు కదలవట. షాపులో అడిగితే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు) తీసుకోండి, తడవదు, చెద పట్టదు అన్నారు. కుడివైపు గూడు వెనక బాత్రూం ఉంది. వానాకాలం ఆ గోడకు పెయింటు కాస్త ఉబ్బుతుంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

కొలతలు రాసి పంపినందుకు ముందుగా సంతోషం. చాలామంది "మా గూడు కాస్త పెద్దదండీ" అని రాసి ఊరుకుంటారు. ఆ కాస్త ఎంతో తెలియకుండా చెక్క పేరు చెప్పడం, జ్వరం చూడకుండా మాత్ర రాసినట్టే.

మీకు సలహా ఇచ్చిన ముగ్గురిదీ పూర్తిగా తప్పు కాదు. కార్పెంటరు నునుపు చూశాడు, మామగారు మన్నిక చూశారు, షాపాయన చెదను చూశాడు. కానీ ఆ పుస్తకాలు ఎంత బరువుంటాయని ఒక్కరైనా అడిగినట్టు లేదు. మీరే చూసుకోవచ్చు. నాన్నగారి పుస్తకాలు అడుగు పొడవు వచ్చేలా వరసగా పేర్చండి. అవన్నీ ఒక సంచిలో వేసుకుని బరువు చూసుకునే మిషను ఎక్కండి, తర్వాత సంచి లేకుండా ఎక్కండి. తేడా సుమారు 10 కిలోలు వస్తుంది. నిఘంటువులు, ఆర్టు పేపరు మీద అచ్చేసిన పుస్తకాలు ఉంటే ఇంకా ఎక్కువే. మీ గూడు వెడల్పు దాదాపు నాలుగడుగులు. అంటే ఒక్క అర మీద 40 కిలోల దాకా పడుతుంది, పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర. అదీ ఒక పూట కాదు, ఏళ్ల తరబడి. మనిషి ఎక్కి తొక్కినా విరగని చెక్క కూడా, అంత బరువు దించకుండా పదేళ్లు మోస్తే మెల్లమెల్లగా కిందికి దిగుతుంది.

ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. పాతికేళ్ల కింద మా ఇంట్లో సరిగ్గా మీ గూడంత వెడల్పున్న చోట పార్టికల్ బోర్డు అరలు కొట్టించాను. పైన మైకా వేశాక అది పార్టికల్ బోర్డో టేకో ఎవరికీ తెలియదు కదా అని నా ధీమా. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు అరలన్నీ పెళ్లి పందిట్లో మామిడి తోరణంలా మధ్యలో వేలాడాయి. మూడో ఏడు ఒక రాత్రి రెండు గంటలప్పుడు పై అర మేకులతో సహా ఊడి, దాని కింది అరను కూడా తీసుకుని నేల మీద పడింది. దొంగలు పడ్డారనుకుని మా ఆవిడ అప్పడాల కర్ర పట్టుకొచ్చింది. పని చేసినవాణ్ని అని లాభం లేదు, ఆ చెక్క ఎంచుకున్నది నేనే.

కాబట్టి చెక్క కన్నా ముందు అర పొడవు సంగతి తేల్చుకుందాం. అర మీద వరసగా పుస్తకాలు పేర్చినప్పుడు, పొడవు సగం చేస్తే వంగడం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అదే మందం పెంచితే, అంటే 18 ఎంఎం బదులు 25 ఎంఎం వేస్తే, వంగడం మూడో వంతు కంటే కాస్త ఎక్కువ దగ్గర ఆగుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే దారి దానంతటదే కనిపిస్తుంది. ఖరీదైన మందపాటి చెక్క కొనే బదులు, గూడు మధ్యలో కింది నుంచి పై దాకా ఒక నిలువు పలక నిలబెట్టండి. 46 అంగుళాల అర రెండు ముక్కలై, ఒక్కోటి 21.5 అంగుళాలకు వస్తుంది. అప్పుడు మామూలు 18 ఎంఎం ప్లైవుడ్ చాలు. "మధ్యలో అడ్డం ఎందుకమ్మా, విశాలంగా కనపడదు" అని కార్పెంటరు అంటాడు. అననివ్వండి.

ఇక ఎండీఎఫ్ మాట. చెక్కను పీచు చేసి, జిగురు కలిపి, వేడిలో నొక్కితే వచ్చే బోర్డు అది. దానికి నార దిశ అంటూ ఉండదు, అందుకే ఎటు కోసినా నున్నగా వస్తుంది, పెయింటు కూడా అందంగా కూర్చుంటుంది. ఆ మాటలో కార్పెంటరు నిజమే చెప్పాడు. కానీ నార లేకపోవడమే బరువు మోసేటప్పుడు లోపం. అదే మందమున్న ప్లై కన్నా ఎండీఎఫ్ ఎక్కువ వంగుతుంది. పైగా తడి తగిలిన అంచు మరమరంలా ఉబ్బుతుంది, ఎండాక కూడా మళ్లీ దిగదు. గాజు బొమ్మలు, ఫొటోలు పెట్టుకునే అరలకైతే నేనే వేయించుకోమనేవాణ్ని. మూడు వందల పుస్తకాలకు వద్దు. హెచ్‌డీహెచ్ఎంఆర్ అని ఇంకో రకం ఇప్పుడు బాగా నడుస్తోంది. ఎండీఎఫ్ కన్నా దట్టం, తేమకు కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. మీకు పెయింటు ఫినిషే కావాలని పట్టుదల ఉంటే, మధ్య పలక పెట్టించి, ఎడమ గూడు వరకు దాన్ని వాడుకోవచ్చు. నా ఓటు మాత్రం ప్లైకే.

ప్లై కొనేటప్పుడు షాపుల్లో "కమర్షియల్" అని, "వాటర్‌ప్రూఫ్" అని, "మెరైన్" అని రకరకాలుగా అంటారు. ఆ పేర్లు పట్టించుకోకండి, షీటు మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఉన్న అంకె చూడండి. ఐఎస్ 303 అని ఉండి ఎంఆర్ అని రాసి ఉంటే అది కమర్షియల్ రకం. గాలిలో తేమకు ఓర్చుకుంటుంది గానీ నీళ్లకు ఓర్చుకోదు. ఐఎస్ 710 అంటే మెరైన్. దాని పరీక్షలో ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. ఎడమ గూడు పొడిగానే ఉందని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది కాబట్టి అక్కడ ఎంఆర్ కూడా నడుస్తుంది. అయినా 710 తీసుకోండి. మీకు కావలసింది మొత్తం రెండు షీట్లే, పైగా 710 ప్లైకి పురుగు పట్టకుండా మందు ఎక్కించి ఉంటుంది. గుర్తు కింద సీఎం బార్ ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు ఎవరిదో, ఏ సరుకుదో చూపిస్తుంది. షాపాయన ముందే కొట్టి చూడండి, ధర చెప్పే తీరు కూడా మారుతుంది.

ఇంకా అనుమానం ఉంటే అంగుళం, రెండంగుళాల ముక్క ఒకటి కోయించి, పాత గిన్నెలో వేసి పొయ్యి మీద నాలుగైదు గంటలు ఉడకబెట్టండి. వంట గిన్నె మాత్రం వద్దు, జిగురు వాసన పోదు. మెరైన్ అని చెప్పి అమ్మిన ఎంఆర్ అయితే పొరలు పూతరేకుల్లా విడివిడిగా తేలతాయి. మీ వాళ్లు నవ్వుతారు. షీట్లు వెనక్కి ఇవ్వాల్సి వస్తే ఆ ముక్కే సాక్ష్యం.

రెండు షీట్లు ఎలా సరిపోతాయో చెబుతాను, కార్పెంటరు నాలుగు రాస్తే అడగడానికి పనికొస్తుంది. మీ గూడు లోతు 14 అంగుళాలైనా అర అంత లోతు అక్కర్లేదు. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ సైజువి, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, ఐదున్నర వెడల్పు. అర లోతు 11 అంగుళాలు దండి. 14 అంగుళాలు చేస్తే ముందో వరస, వెనకో వరస పెట్టేస్తాం, వెనక వరసను ఇక ఎవరూ చదవరు. మిగిలిన లోతులో ఒక అంగుళం వెనక గోడకు, చెక్కకు మధ్య గాలాడటానికి వదిలేయండి. 8 అడుగులకు 4 అడుగుల షీటును పొడుగ్గా 11 అంగుళాల పట్టీలు కోస్తే నాలుగు వస్తాయి. రెండు షీట్లకు ఎనిమిది పట్టీలు. రెండు పక్కలకు, మధ్యకు కలిపి మూడు నిలువు పలకలకు మూడు పట్టీలు పోతాయి. పైకప్పు, అడుగు కలిపి ఒక పట్టీలో వస్తాయి. ఆరు వరసల అరలు, రెండేసి చొప్పున పన్నెండు ముక్కలు, ఒక్కో పట్టీలో నాలుగు వస్తాయి కాబట్టి మూడు పట్టీలు. మొత్తం ఏడు. ఒకటి మిగులుతుంది, వంటింట్లో ఏదో అవసరం పడకపోదు.

పొడుగ్గా కోయాలని ఎందుకన్నానంటే, ప్లై మీద కనిపించే నార సాధారణంగా 8 అడుగుల వైపే నడుస్తుంది. అర కూడా అదే దిశలో ఉంటేనే బలం. ముక్క మిగుల్చుకోవడానికి కొందరు అడ్డంగా కోసేస్తారు. మైకా వేశాక అది మీకు కనపడదు, కానీ అరకు మాత్రం తెలుస్తుంది. కోయకముందే చెప్పండి. కోయించడం కూడా షాపులోనే పెద్ద మిషను మీద చేయించుకోండి, ఇంటి హాల్లో రంపపు పొట్టు నెల రోజులు వదలదు. అయితే కొలతలు ఇచ్చే ముందు గూడు వెడల్పు కింద, మధ్యలో, పైన మూడు చోట్ల, ముందు అంచున ఒకసారి, లోపల ఒకసారి కొలవాలి. మన మేస్త్రీల గోడలు కంటికి తిన్నగా ఉంటాయి, టేపుకు ఉండవు. అన్నిటిలో తక్కువ వచ్చిన కొలత నుంచి ఇంకో అర అంగుళం తగ్గించి ఇవ్వండి. పక్కల మిగిలే సందును ముందు నుంచి సన్నని టేకు బీడింగుతో మూస్తే ఇక కనపడదు.

మైకా వేసేట్టయితే అరకు పైనా కిందా రెండు వైపులా వేయించండి. డబ్బు మిగల్చడానికి పైన ఒక్కవైపే వేస్తే, తడి వాతావరణంలో ఒకవైపు లాగి అర దోసెలా మడత పడుతుంది. కింద చవక రకం వేసినా ఫర్వాలేదు. ముందు అంచుకు ప్లాస్టిక్ టేపు బదులు టేకు పట్టీ కొట్టించమంటాను. పుస్తకాలు తీసి పెట్టేటప్పుడు చెయ్యీ, పుస్తకమూ తగిలేది ఆ అంచుకే, టేపు రెండేళ్లలో ఊడుతుంది. మధ్య పలక వద్దే వద్దని మీ ఇంట్లో తీర్మానం అయితే మాత్రం, మందం 25 ఎంఎం చేసి, ముందు అంచుకు ఒకటిన్నర అంగుళం ఎత్తున్న టేకు పట్టీ, వెనక గోడకు ఆసరాగా ఇంకో పట్టీ తప్పనిసరి.

టేకు అన్నాను కాబట్టి ఒక మాట. అరలన్నీ టేకుతోనే చేయించుకుంటే ఎలా ఉంటుందని అడగాలని ఉండి, ఖర్చుకు జడిసి మానేశారేమో. కలప అడితికి వెళ్లి కొత్త టేకు పలకలు బేరం చేస్తే గుండె ఆగినంత పనవుతుంది. కానీ పాత ఇళ్లు పడగొట్టిన చోట తలుపులు, దూలాలు దొరుకుతుంటాయి. ముప్ఫై నలభై ఏళ్లు ఎండిన చెక్క ఇక వంకర పోదు. మేకులు ఏరి, కోయించుకుంటే మీ గూటికి సరిపడా రావచ్చు. ఒక్క జాగ్రత్త: టేకుకు చెద పట్టదనే మాట చేవకే వర్తిస్తుంది. అంచున తెల్లగా ఉండే భాగాన్ని చెద హాయిగా తింటుంది. ఆ తెలుపు కోసేయించాలి.

డబ్ల్యూపీసీ గురించి పెద్దగా చెప్పను. నీళ్లకు, చెదకు అది భయపడదు, నిజం. బాత్రూం తలుపుకు, వంటింట్లో సింకు కింద అల్మారాకు చక్కగా పనికొస్తుంది. కానీ ఆ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు నురగలా పొంగించిన ప్లాస్టిక్ బోర్డులే. పుస్తకాల బరువుకు అరగా వేస్తే వంగుతాయి, స్క్రూ పట్టు కూడా చెక్కలో ఉన్నంత ఉండదు.

ఇప్పుడు మీ కుడివైపు గూటికి వద్దాం. అసలు చిక్కు అక్కడుంది. వెనక బాత్రూం, వానాకాలం పెయింటు ఉబ్బుతుంది అని మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసేశారు. నన్నడిగితే ఉత్తరం దానితోనే మొదలుపెట్టాల్సింది. ముందు ఆ తడి ఎక్కడిదో చూడండి. రెండడుగుల చదరంగా పాలిథిన్ కవరు కోసి, గూడు వెనక గోడకు నాలుగు పక్కలా టేపుతో గాలి పోకుండా అంటించి, రెండు మూడు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచే వస్తోంది. బాత్రూం టైల్స్ సందులో, లోపల దాచిన పైపు అతుకో కారుతుండాలి. బయటి వైపు పడితే అది గదిలో గాలి తేమ. గోడలోంచే వస్తే ప్లంబరు పని అయ్యేదాకా ఆ గూట్లో ఏ చెక్కా వద్దు, 710 అయినా వద్దు. లీకు ఆపిన మర్నాడే తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆరిపోదు. ఒక వేసవి గడవనివ్వండి.

ఆ గూటికి మీ మామగారి మాటే సరి. కడప బండ అయినా, మీ దగ్గర తేలిగ్గా దొరికే తాండూరు బండ అయినా ఫర్వాలేదు, రెండూ సున్నపురాయి జాతే. తడికి ఉబ్బదు, కుళ్లదు. పుస్తకాలన్నీ ఎడమ గూటికి పంపి, ఇక్కడ అమ్మగారి ఇత్తడి బిందెలు, పళ్లేలు పెట్టుకోండి. నల్ల బండ మీద తోమిన ఇత్తడి ఎంత బాగుంటుందో మీరే చూస్తారు. 20 ఎంఎం బండ చదరపు అడుగుకు 5 కిలోలు తూగుతుంది, ఇక్కడా 11 అంగుళాల లోతే పెడితే మీ గూటికి ఒక్కో అర 17, 18 కిలోలు. రాయి వంగదు, కానీ వంగలేని వస్తువు ఒక్కసారే పగులుతుంది. అందుకే రెండున్నర అడుగులకు మించి ఆసరా లేకుండా నేనైతే వదలను. మధ్యలో అదే బండ ముక్క నిలువుగా పెట్టించండి. కొనేటప్పుడు బండను తడిపి చూస్తే సన్నని చారలు, పగుళ్లు బయటపడతాయి. పక్క గోడల్లోనే గాడి కొట్టి బండను దూర్చమనండి. వెనక గోడ జోలికి వెళ్లొద్దు, అటు బాత్రూం పైపులు ఉండొచ్చు. ఇత్తడిని చింతపండుతో తోమి తడితో తెచ్చి పెట్టకండి. పులుపు తగిలితే సున్నపురాయి మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది. కడిగి, తుడిచి పెట్టాలి.

చెద విషయంలో మాత్రం మామగారితో నాకు చిన్న తగాదా ఉంది. బండకు చెద పట్టదు, కానీ బండ మీద పెట్టిన పుస్తకానికి పడుతుంది. చెదకు కావలసింది కాగితమైనా చెక్కైనా ఒకటే, గోడ మీదుగా మట్టి గొట్టాలు కట్టుకుని ఎంత దూరమైనా వస్తుంది. మీది ముప్ఫై ఏళ్లు దాటిన ఇల్లు. ర్యాకులు బయటికి తీశాక రెండు గూళ్ల మూలలూ, నేల అంచులూ టార్చి వేసి చూడండి. ఎక్కడైనా మట్టి గీత కనిపిస్తే, నేలలో రంధ్రాలు వేసి మందు ఎక్కించే వాళ్లను పిలిపించి ఆ పని అయ్యాకే చెక్క దించండి. ఎడమ గూట్లో చెక్క అడుగు కూడా నేలకు తగలకుండా మూడంగుళాల ఎత్తు గ్రానైట్ ముక్కల మీద కూర్చోబెట్టించండి. రోజూ ఇల్లు తుడిచే నీళ్లు చెక్క అంచులోకి ఎక్కకుండా అది కాపాడుతుంది.

కూలి సంగతి మీరు అడగలేదు గానీ, తెరిచిన అరలకు ముందు భాగం చదరపు అడుగుల లెక్కన ఒప్పుకోకండి. ఆ రేటు తలుపులు, హ్యాండిళ్లు ఉన్న అల్మారాలది. సామాను మీరు తెచ్చుకుని, పనికి మాత్రం ఇంత అని మాట్లాడుకోండి. ప్లై బిల్లు మీ పేరు మీదే రాయించుకుని, షీటు కోయకముందే దాని మీది అచ్చు, నంబరు స్పష్టంగా కనపడేలా ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచండి.